వ్యాన్‌కి ఎదురు

ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవాళ్లకి రోడ్డు అందరికీ కనిపించినట్టు కనిపించదు. 1974 నుంచి నేను డెట్రాయిట్ పక్కన ఒక కంపెనీలో కారు ప్రమాదాల క్లెయిములు చూసేదాన్ని. ఏ వంపులో ఎవరు జారారో, బ్రేకు ఎక్కడ తొక్కారో, వెనక సీటులో ఎవరున్నారో రోజంతా చదివి, సాయంత్రం అవే రోడ్ల మీద డ్రైవ్ చేసుకుంటూ నోవైలోని మా ఇంటికి వచ్చేదాన్ని. అందుకే 1982 ఆగస్టులో మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసి, వాలీబాల్ టీములోకి తీసుకున్నారని ఒకటే అరుపుగా చెబితే, నేను అడిగిన మొదటి మాట, "వేరే ఊళ్లకి దేంట్లో తీసుకెళ్తారు?"

"వ్యాన్‌లో. ఎందుకు?"

"ఎవరు డ్రైవ్ చేస్తారు?"

"కోచ్. అమ్మా, నాకు కంగ్రాట్స్ చెప్పవా?"

మావారు నా చేతిలో ఫోన్ లాక్కున్నారు. ఆయన కాకినాడలో ఇంజనీరింగు చదివేటప్పుడు కాలేజీ టీములో వాలీబాల్ ఆడారు. గరాజ్ కొక్కేనికీ కంచె స్తంభానికీ తాడు కట్టి, పిల్లకి పదేళ్లప్పటి నుంచి బంతి ఎత్తి ఇవ్వడం నేర్పారు. తనకంటే పొడుగువాళ్లు కొట్టడానికి వీలుగా బంతిని ఎత్తి పెట్టడం, అదే మా అమ్మాయి పని టీములో. ఆయన ఫోన్‌లో పావుగంట మాట్లాడి, పెట్టేసి, నావైపు తిరిగి, "ఏమే, వ్యాన్ సంగతి తర్వాత. ముందు పాయసం చెయ్యి," అన్నారు.

చేశాను. కానీ ఆ వ్యాన్ గురించి ఆఫీసులో తెలుసుకున్నాను. పదిహేనుమంది పట్టే బండి. మనుషులు నిండి, వెనక సామాను పెడితే బరువంతా వెనక్కి పోతుంది. తడి రోడ్డు మీద స్టీరింగ్ గట్టిగా తిప్పితే వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. మగపిల్లల టీములకి మాత్రం అద్దె బస్సు, జీతం ఇచ్చి పెట్టుకున్న డ్రైవరు. ఆడపిల్లలకి ఈ వ్యాన్, రెండున్నర గంటలు మ్యాచ్ నడిపించి అలిసిపోయిన కోచ్.

ఆ సెప్టెంబరులో ఒక శనివారం, వారం చివర ఇంటికి వచ్చిన పిల్లని నేనే కారులో దింపాను. యూనివర్సిటీ మా ఇంటికి నలభై మైళ్లు పడమర. జిమ్ ముందు వ్యాన్ సిద్ధంగా ఉంది, అది ఎక్కింది. సరిగ్గా బండి కదిలే సమయానికి, జిమ్‌లో నేల తుడిచే అతను ఖాళీ బక్కెట్ తోసుకుంటూ దాని ముందు నుంచి అడ్డంగా వెళ్లాడు.

నేను పుట్టిన ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా, పరీక్షకి వెళ్తున్నా, ఒక ముత్తయిదువ ముందే వీధిలోకి వెళ్లి నిండు చెంబుతో ఎదురు వచ్చేది. ఖాళీ కుండ ఎదురైతే మళ్లీ లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని బయల్దేరేవాళ్లం. వీటిని నమ్ముతావా అంటే, నమ్మకం సంగతి నాకు తెలియదు. మానే ధైర్యం మాత్రం లేదు. కారులో అప్పుడే కొన్న గ్యాలన్ పాల డబ్బా ఉంది. అది పట్టుకుని, పార్కింగ్ లాటు చుట్టూ తిరిగి పరుగున వెళ్లి, వ్యాన్‌కి ఎదురుగా నడిచాను.

కోచ్ బ్రేకు వేసి అద్దం దించింది. ముప్పై రెండేళ్ల మనిషి, ఫ్లోరిడా నుంచి వచ్చింది. "ఏమైనా మర్చిపోయారా?"

"లేదు. ఇప్పుడు వెళ్లండి," అన్నాను.

వెనక నుంచి మా అమ్మాయి గొంతు: "ఓ మై గాడ్. అమ్మా, ప్లీజ్, ఇంటికి వెళ్లు."

ఆ రోజు వాళ్లు అంతకు ముందు ఎప్పుడూ ఓడించని టీమును అయిదు సెట్లు ఆడి ఓడించారు. తర్వాతి గురువారం కోచ్ ఇంటికి ఫోన్ చేసింది. శనివారం ఉదయం తీరిక ఉంటుందా, పాలతో రాగలరా అని చాలా మర్యాదగా అడిగింది. నేను తెల్లబోయాను. తర్వాత తెలిసింది, ఆ టీములో ఒక పిల్ల గెలిచినన్నాళ్లూ మేజోళ్లు ఉతకదు. ఇంకో పిల్ల కిటికీ పక్క సీటు ఇంకెవరికీ ఇవ్వదు. కోచ్ తన ఈల ఎవరినీ ముట్టుకోనివ్వదు. మా అత్తగారి మడి దీని ముందు ఏపాటి? మా అమ్మాయి తెలుగువాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లని పిలిచినట్టే అందరూ నన్ను ఆంటీ అనడం నేర్చుకున్నారు. రెండు సీజన్లు, ప్రతి ప్రయాణానికీ ఎదురు వెళ్లాను.

"యూనివర్సిటీ వాళ్లు నీకు జీతం ఇవ్వాలి," అనేవారు మావారు. "అసిస్టెంట్ కోచ్, శకునాల శాఖ."

ఆయన నవ్వేవారు. నేను మాత్రం వ్యాన్ కనుమరుగయ్యే దాకా వెనక చక్రాలవైపే చూసేదాన్ని.

1983 చలికాలం మొదట్లో కాన్ఫరెన్స్ గొడవ మొదలైంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కడ ఎనిమిదో పదో యూనివర్సిటీలు కలిసి ఒక కూటమి కడతాయి, ఆటలు చాలావరకు వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. దాన్నే కాన్ఫరెన్స్ అంటారు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్నవాళ్లు టీవీలో కనిపిస్తారు, మంచి ఆటగాళ్లు అక్కడికే వెళ్తారు. ఆ రోజుల్లో యూనివర్సిటీలు ఒకదాన్ని వదిలి ఇంకోదాంట్లోకి మారుతూ ఉండేవి. మాది చిన్న కాన్ఫరెన్స్, రెండు కాలేజీలు అప్పటికే లేచిపోయాయి. ఇంకో రెండు పోతే అది ఉండదు. మావాళ్లు పడమటివైపు ఉన్న పెద్ద కాన్ఫరెన్స్‌కి దరఖాస్తు పెట్టారు. అక్కడ చేర్చుకోకపోతే ఒంటరిగా మిగిలిపోతామనీ, అప్పుడు ఆడపిల్లల ఆటలు కొన్ని తీసేయాలనీ, వాటిలో వాలీబాల్ మొదటిదనీ కోచ్ పిల్లలకి చెప్పింది.

"పెళ్లివారు ఇల్లు చూడ్డానికి వస్తున్నారట," అన్నారు మావారు, ఆ కాన్ఫరెన్స్ కమిటీ యూనివర్సిటీని చూడ్డానికి రావాల్సిన వారంలో. "స్టేడియానికి రంగులు వేస్తున్నారు. పిల్లకి పాట వచ్చా అని కూడా అడుగుతారేమో."

"నాన్నా, బీ సీరియస్," అంది మా అమ్మాయి. కానీ నవ్వింది.

వచ్చినవాళ్లు కాదనలేదు, ఔననలేదు. 1984లో ఒక సీజన్ పరీక్ష పెట్టారు. మగపిల్లల, ఆడపిల్లల టీములన్నీ వాళ్ల ఊళ్లకి వెళ్లి ఆడాలి. ఒక్క ప్రయాణం మానినా, ఇంత దూరం మీవల్ల కాదు అనేస్తారు. పిల్ల ఆ ఊళ్ల పేర్లు ఫోన్‌లో చదువుతుంటే, నేను వంటింటి బల్ల మీద అట్లాసు తెరిచి మైళ్లు కొలిచాను. పాత కాన్ఫరెన్స్‌లో ఎక్కువ దూరం నూట పది మైళ్లు. కొత్తదాంట్లో దగ్గరి ఊరే నూట తొంభై. దూరపుది ఇల్లినాయ్‌లో షామ్‌బర్గ్ దాటి ఇంకో గంట, మూడు వందల పైన. ఆ దారి పెద్ద సరస్సు కింది కొస పక్కనుంచి వెళ్తుంది. అక్కడ నవంబరులో గాలి నీళ్ల మీదుగా వచ్చి, ఎండ ఉన్న రోజున కూడా మంచు కుమ్మరిస్తుంది. ఆ ప్రాంతం క్లెయిముల సంగతి నాకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

"వాళ్లు వద్దంటే బాగుండు," అన్నాను పైకే. పిల్ల ఊళ్ల పేర్లు చదవడం ఆపేసింది.

1984 ఫిబ్రవరిలో, ఒక ఆదివారం పొద్దున మావారు డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూ కూర్చుండిపోయారు. అంబులెన్సు వచ్చేసరికి అయిపోయింది. ఆయనకి యాభై ఒకటి. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను.

బొట్టు నేను తీయలేదు. తీయమని ఈ దేశంలో ఎవరూ అనలేదు, ఆయనా ఒప్పుకునేవారు కాదు. కానీ ఒకటి నా కళ్లముందు ఉండేది. అంతకు ముందు ఏడు మా వీధిలో ఒక తెలుగు కుటుంబానికి గుంటూరు నుంచి వాళ్ల అమ్మగారు వచ్చి ఆరునెలలు ఉన్నారు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్లయింది. మనవడు డ్రైవింగ్ పరీక్షకి బయల్దేరుతున్న పొద్దున నేను వాళ్లింట్లో ఉన్నాను. ఆవిడ అప్పటిదాకా వాడితో హాస్యాలాడుతూ, వాడు బూట్లు వేసుకోగానే లేచి, బట్టలుతికే మిషను గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. కారు వెళ్లిన చప్పుడు విని బయటికి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడా నొచ్చుకున్నట్టు లేదు. గొడుగు మూసినంత మామూలుగా చేశారు ఆ పని.

1984 ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందు కోచ్ ఫోన్ చేస్తే, ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను. సెప్టెంబరులోనూ అదే చెప్పాను. టీము వెళ్లిన మూడు ఊళ్లలోనూ ఓడింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. "ఆంటీ, మా మీద కోపమా?" అని ఒక పిల్ల అడిగింది. మా అమ్మాయి మాత్రం అడగలేదు. అక్టోబరులో ఇంటికి వచ్చినప్పుడు గిన్నెలు కడుగుతూ, నావైపు తిరగకుండా అంది: "నాకు తెలుసు నువ్వు ఎందుకు రావట్లేదో. మేం ఓడిపోవాలి. కాన్ఫరెన్స్ నో అనాలి. అప్పుడు నేను ఇంట్లో ఉంటాను, యూ విల్ బీ హ్యాపీ."

కాదని చెప్పాలంటే అసలు కారణం చెప్పాలి. చెబితే పిల్ల నన్ను ఇక ఏ దృష్టితో చూస్తుందో అని భయం వేసింది. ఊరుకున్నాను. పైగా అది అన్నదాంట్లో కొంత నిజం ఉంది.

చివరి ప్రయాణం నవంబరు మూడో శుక్రవారం, ఆ షామ్‌బర్గ్ అవతలి ఊరికి. ముందు రోజు రాత్రి వార్తల్లో సరస్సు వైపు మంచు హెచ్చరిక ఇచ్చారు. పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పెట్టి, యూనివర్సిటీకి వెళ్లాను. సామాను వెనక కాకుండా సీట్ల మధ్య పెట్టమని కోచ్‌తో చెప్పాలని వెళ్లాను. వెళ్లాక, వ్యాన్ ముందుకి నడిచే ధైర్యం చాలక, జిమ్ వెనక చెత్త డబ్బాల పక్కన నిలబడ్డాను. దాక్కున్నాను అనడమే సరైన మాట.

వ్యాన్ మలుపు తిరిగి, నన్ను చూసి ఆగింది. అద్దాలు దిగాయి.

"ఆంటీ వచ్చింది!"

"ఆంటీ! పాలు లేవా? నా దగ్గర ఉన్నాయి!" మేజోళ్లు ఉతకని పిల్ల, హాస్టల్ భోజనశాలలో ఇచ్చే చిన్న పాల డబ్బా కిటికీలోంచి చాచింది.

కోచ్ తల బయటపెట్టింది. "మీరు ఎదురు వచ్చేదాకా వీళ్లు నన్ను కదలనివ్వరు. నిజం చెప్పాలంటే నాకూ కదలాలని లేదు."

మా అమ్మాయి దిగి నా దగ్గరికి వచ్చింది. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. "అమ్మా, ఒక్కసారి. జస్ట్ వాక్. ఈ ఒక్కటి మిస్ అయితే అంతా పోతుంది."

"నేను రాకూడదే."

"ఎందుకు?"

"నాన్న పోయాక నేను ఎదురు రాకూడదు. మంచిది కాదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు."

"నాన్న చనిపోతే నువ్వు బ్యాడ్ లక్ అయిపోయావా? నాన్న వల్ల?"

"ఆయన వల్ల కాదు."

"మరి?"

ఆఫీసులో ఎంత పెద్ద ప్రమాదానికైనా కారణం అనే గడి నింపకుండా వదలలేదు నేను. ఇక్కడ ఏం రాయాలో తెలియలేదు.

"నేను సీజన్ అంతా నీ మీద మ్యాడ్‌గా ఉన్నాను," అంది. "నువ్వు దీనికి భయపడుతున్నావని నాకు చెప్పొచ్చు కదా."

వ్యాన్ వెనక తలుపు అద్దంలోంచి సంచులు పైదాకా పేర్చి కనిపిస్తున్నాయి. నేను ఎదురు వెళ్లి, దారిలో ఏమైనా అయితే, బతికినన్నాళ్లూ ఆ నడక నాతో ఉంటుంది. వెళ్లకుండా ఏమైనా అయితే, అదీ ఉంటుంది. ఈ రెండింటిలో ఏదీ నావల్ల కాదనిపించింది.

"ఎదురు రాను," అన్నాను. "లోపలికి వస్తాను."

కోచ్ ఒక్క క్షణం ఆలోచించి, ముందు సీటులో ఉన్న పిల్లని వెనక్కి పంపింది. టీములో లేని మనిషి యూనివర్సిటీ వ్యాన్‌లో ఎక్కితే, క్లెయిము చెల్లదని రాసేదాన్ని నేనే. ఎక్కాను. ఎక్కేముందు సంచులన్నీ దింపించి, సీట్ల మధ్య నేల మీద పెట్టించాను. పిల్లలు కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఆంటీ మిలిటరీ," అని గొణుక్కున్నారు.

మొదటి వంద మైళ్లు పొడి రోడ్డు. సరస్సు దగ్గరపడుతుంటే ఆకాశం ఒక్కసారి తెల్లబడింది. అప్పటిదాకా ముందు కనిపించిన లారీ కనిపించడం మానేసింది. పిల్లలు పాటల టేపు ఆపేశారు. కోచ్ ముందుకి వంగి, అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి నడుపుతోంది. నేను కాళ్లు నేలకి నొక్కిపెట్టి కూర్చున్నాను.

వంతెన దిగుతుంటే ఎర్ర దీపాలు రెండు హఠాత్తుగా ముందు వెలిగాయి. కోచ్ బ్రేకు తొక్కింది. వెనక భాగం పక్కకి వచ్చింది. నేను ఎన్నో కాగితాల మీద చదివింది అదే, కానీ కాగితం మీద అది ఇంత నెమ్మదిగా జరగదు. పొలాలు, కంచె, మళ్లీ రోడ్డు, కిటికీ ముందు నుంచి మెల్లగా తిరిగి వెళ్లాయి. వ్యాన్ రోడ్డు పక్క మంచులోకి, వచ్చిన దారికి సగం ముఖం తిప్పి, దిగబడి ఆగింది. ఇంజన్ ఆగిపోయింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా కోటు కాలర్ పట్టుకుంది. అది మా అమ్మాయి చెయ్యి, చూడకుండానే తెలిసింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తోసి బండిని రోడ్డెక్కించి, అటుగా వచ్చిన మంచు ఎత్తే బండి వెనకే వ్యాన్ నడుపుకుంటూ వెళ్లి, రెండు మైళ్ల తర్వాత పెట్రోలు బంకులో ఆగాం. కోచ్ కాఫీ తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నాకు మంచులో నడపడం రాదు," అంది పిల్లలందరి ముందు. "వెనక్కి వెళ్దామంటే వెళ్దాం. కాన్ఫరెన్స్ ఏమన్నా సరే."

మా అమ్మాయి నాతో తెలుగులో, "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు ఏది చెప్తే అది," అంది.

వెనక్కి అని ఒక్క మాట అంటే చాలు. పరీక్ష తప్పుతుంది, కాన్ఫరెన్స్ వద్దంటుంది, ఆ రోడ్డు మీద నా పిల్ల ఇంకెప్పుడూ వెళ్లదు. ఏడాది నుంచి నేను కోరుకున్నది అదే. అందరూ నన్నే చూస్తున్నారు, ఎవరూ నన్ను తప్పుపట్టరు. బంకు గోడ మీద మ్యాపు ఉంది. వేలితో కొలిచాను. మంచు కురిసే ఆ పట్టీ దాటాలంటే వెనక్కి అరవై అయిదు మైళ్లు. ముందుకి నలభై, ఆ తర్వాత సరస్సు వంపు తిరిగితే గాలి అటు కొట్టదు. రెండోసారి కొలిచాను. లెక్క మారలేదు.

"ముందుకే దగ్గర," అన్నాను.

ఇంకో మంచు ఎత్తే బండి వెనకే, గంటకి ఇరవై అయిదు మైళ్లు దాటకుండా వెళ్లాం. ఇల్లినాయ్‌లో ఎండ కాస్తోంది. అక్కడి గడియారం మాకంటే గంట వెనక, ఆ గంటే మమ్మల్ని కాపాడింది. మ్యాచ్ మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు చేరాం. పిల్లలు నాలుగు సెట్లలో ఓడిపోయారు. నేను గ్యాలరీలో కూర్చున్నాను గానీ ఆట చూడలేదు, తిరుగు దారి గురించే ఆలోచించాను. రాత్రి అక్కడే ఉండాలని పట్టుబట్టాను. మర్నాడు మధ్యాహ్నం, రోడ్లు ఉప్పు చల్లి శుభ్రం చేశాక, బయల్దేరాం.

1985 ఏప్రిల్‌లో కాన్ఫరెన్స్ మమ్మల్ని చేర్చుకుంది. ఆడపిల్లల టీములు ఒక్క ప్రయాణం మానలేదన్నది తమ మాటల్లో చెప్పారట. మా అమ్మాయి ఫోన్‌లో ఏడుస్తూ నవ్వుతూ ఆ సంగతి చెప్పింది. వెనక టీమంతా కేకలు వేస్తున్నారు. రాబోయేది దానికి ఆఖరి సంవత్సరం, ఆడుతుంది.

"ఈసారైనా బస్సు ఇస్తారా?" అన్నాను.

కేకలు తగ్గేదాకా ఆగింది. "వ్యానే, అమ్మా. కోచ్ అడుగుతోంది, ముందు సీటు నీకు ఉంచాలా అని."

"ఉంచమను."

ఆ సాయంత్రం కొత్త సీజన్ ప్రయాణాలు చెప్పించుకుని రాసుకున్నాను. పదకొండు. ఆఫీసులో నాకు మిగిలిన సెలవులు తొమ్మిది. నవంబరువీ అక్టోబరువీ అన్నీ ముందు నాకు ఉంచుకున్నాను. నేను లేకుండా వెళ్లే రెండూ సెప్టెంబరులో పడ్డాయి. సెప్టెంబరులో మంచు ఉండదు. వర్షం ఉంటుంది.